లెన్సుకూ ఓ పరీక్ష పెడదాం

నూజివీడు చిన్నరసాన్ని ఎదురుగా ఉంటే వాసన చూసి కొంటారు. ఊరు దాటి అమ్మాలంటే వాసన పంపలేం, ఫోటోనే పంపాలి. తొక్క మీది చుక్క, తొడిమ దగ్గరి సొన మరక తేటగా కనిపిస్తేనే కొనేవాళ్ళకు నమ్మకం.

ఆ ఫోటో మసకగా వచ్చిందా, ఇంట్లో ముందు వినిపించే మాట "నీకు తీయడం రాదు" అని! తప్పు చేతిదో లెన్సుదో తేల్చకుండానే తీర్పు. తేల్చడానికి అరగంట చాలు.

పాత పేపరు పేజీని ముడతల్లేకుండా గోడకు అడ్డంగా అతికించండి. కెమెరాను స్టాండు మీదో, స్టూలు మీదో పేజీకి తిన్నగా ఎదురుగా నిలపండి. ఫోకస్ నడిమి అక్షరాల మీద, టైమరు రెండు సెకన్లు. ఇక చేతి వణుకు ప్రసక్తే లేదు. లెన్సు పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్ 8 దగ్గర ఒకటి, 16 దగ్గర ఒకటి తీసి, పెద్దవి చేసి చూడండి.

పూర్తిగా తెరిచినప్పుడు మూలలు కాస్త మెత్తబడటం మామూలే. 16 దగ్గర మొత్తం కొంచెం పలచబడటమూ మామూలే. కానీ ఒక పక్క అక్షరాలు స్పష్టంగా ఉండి రెండో పక్క అలుక్కుపోతే, కెమెరా వంకర లేదని చూసుకుని మళ్ళీ తీయండి. అప్పుడూ అంతేనా? లోపం లెన్సుదే. గడువు దాటకముందే బిల్లు, ఫోటోలు పట్టుకుని షాపుకెళ్ళండి.

చీర కొంటే మడత విప్పి అంచు చూస్తాం. వేలు పోసిన లెన్సును చూడకుండా ఎందుకు ఒప్పుకోవాలి? పరీక్షలో లెన్సు నెగ్గితే సాధన చేద్దాం. ఓడితే మాత్రం ఆ నింద మనం మోయొద్దు.