తాడు పోయి... మోటారు వచ్చె!

బుల్లి పొయ్యి, బుల్లి బిందె, బుల్లి తిరగలి... ఎరుపూ పసుపూ రంగుల్లో నిగనిగలాడే లక్కపిడతలు తెలుగింటి పిల్లలకు తొలి వంటగది. వాటికి పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంటుంది. కార్ఖానా అనగానే అక్కడ పెద్ద పెద్ద షెడ్లను ఊహించుకోనక్కర్లేదు. ఇంటి వసారాలో ఓ లేత్, నాలుగు ఉలులు, కాసిన్ని లక్క కడ్డీలు ఉంటే చాలు. అలాంటి చోటికి కరెంటు మోటారు రావడమే ఈ బొమ్మల కథలో పెద్ద మలుపు.

పాత చేతి తరిమెనకు ఇద్దరు మనుషులు కావాలి. ఇరుసుకు చుట్టిన తాడును ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, రెండోవారు తిరిగే కర్రకు ఉలి ఆనిస్తారు. కర్ర ఓసారి ఇటు తిరుగుతుంది, మరోసారి అటు. ఉలి తెగేది మాత్రం తనవైపు తిరిగినప్పుడే. అంటే లాగినవారి కష్టంలో సగం ఉత్తపుణ్యానికే పోతుందన్నమాట! మోటారు లేత్ మీద ఆ బాధ లేదు. కర్ర ఒకేవైపు ఆగకుండా తిరుగుతుంది. ఒక్క మనిషితోనే పని సాగుతుంది. పెద్ద బొమ్మలు తియ్యొచ్చు. వంద గిన్నెలు కావాలంటే వందా ఒకే కొలతతో దించడం తేలికవుతుంది.

మరి మోటారు బిగించేస్తే సరిపోతుందా? అబ్బే, అసలు పని అక్కడే మొదలవుతుంది. చిన్న బొమ్మలకు అర హార్స్‌పవర్ నుంచి ఒక హార్స్‌పవర్ మోటారు సరిపోతుంది. మామూలుగా దొరికే మోటార్లు చాలావరకూ నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతాయి. అంగుళం మందం గిలక్కాయకు ఆ వేగం బాగానే ఉంటుంది. అదే నాలుగంగుళాల బిందె పెడితే దాని అంచు నాలుగు రెట్లు వేగంగా పరుగెడుతుంది. పట్టు సడలితే కర్ర ఎగిరిపడుతుంది. అందుకే మెట్ల పుల్లీ ఉండాలి. మోటారుకు మూడంగుళాల పుల్లీ, లేత్‌కు ఆరంగుళాలది వేస్తే వేగం సగమై 720కి దిగుతుంది. బెల్టును ఓ మెట్టు మారిస్తే సరి, మోటారు మార్చే ఖర్చుండదు.

లక్క పూతది ఇంకో లెక్క. తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనించి నొక్కితే, ఆ రాపిడికి పుట్టే వేడికి లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. దానికి 70-80 డిగ్రీల వేడి చాలు. వేడి తగ్గితే పూత అతకదు. మితిమీరితే మాడి, రంగు నల్లబడుతుంది. పసుపు, జాఫరా గింజలు, నీలిమందు వంటి సహజ రంగులతో చేసిన లక్క అయితే మరింత జాగ్రత్త. చేతి తరిమెన మీద తాడు లాగే చెయ్యే ఆ వేగాన్ని చూసుకునేది. మోటారుకు ఆ సంగతి తెలియదు. చూసుకోవాల్సింది ఉలి పట్టిన మనిషే.

ప్రమాదం కూడా పెరిగింది. తాడు లాగే మనిషైతే 'ఆగు' అనగానే ఆగుతాడు. మోటారు ఆగదు. భుజం మీది తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు, చీర కొంగు బెల్టు దగ్గరికి వెళ్తే అంతే. చేతులకు తొడుగులున్నా తిరిగే కర్ర లాగేసుకుంటుంది. కాబట్టి లేత్ దగ్గర తొడుగులు వద్దు. బెల్టుకు ఇనుప జాలీ, చేతికందే చోట స్విచ్చి, కళ్లకు అద్దాలు, పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ... ఈ ఖర్చు మోటారు ధరతో కలిపే లెక్క వేసుకోవాలి.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చేందుకు ఏళ్లతరబడి కృషి చేసిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఈ బొమ్మలే రాష్ట్ర శకటమై ఢిల్లీ వీధుల్లో ఊరేగాయి. పేరొస్తే గిరాకీ వస్తుంది, గిరాకీ వస్తే మోటారూ కావాలి. కాదనలేం.

కానీ రెండు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. తాడు లాగిన రెండో మనిషి సంగతేమిటి? ఆ చేతులకు లక్క పూత, రంగుల తయారీ, మొగలాకుతో మెరుగు పెట్టడం నేర్పితే ఇంట్లో రెండో సంపాదన నిలుస్తుంది. లేదంటే మోటారు మిగిల్చేది ఒకరి కష్టాన్నే కాదు, ఒకరి కూలిని కూడా. ఇక రెండోది కర్ర. ఈ బొమ్మలకు వాడేది మెత్తని తెల్లని అంకుడు కర్ర. లేత్ వేగం పెరిగేకొద్దీ దుంగలూ అంతే వేగంగా కరిగిపోతాయి. పుల్లీ మారిస్తే లేత్ రెట్టింపు వేగంతో తిరుగుతుందేమోగానీ, అంకుడు చెట్టు మాత్రం తన వేగంతోనే పెరుగుతుంది. దానికి బిగించే మోటారు ఏ బజారులోనూ దొరకదు. కొత్త లేత్ కొన్న ఇంట నాలుగు అంకుడు మొక్కలు కూడా నాటితేనే, రేపటి పిల్లల చేతికి లక్కపిడతలు అందేది!