ఉచితమైనది యజమాని లేనిది కాదు

కంప్యూటరుపై ఆటలాడే యువకుల నోట ‘మాడ్’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఒక సంస్థ రూపొందించి విక్రయించిన ఆటకు, ఆడేవారిలోనే నేర్పు గలవారు స్వయంగా చేర్చే మార్పును మాడ్ అంటారు. అది కొత్త వేషం కావచ్చు, కొత్త భవనం కావచ్చు, కథలో కొత్త ఘట్టం కావచ్చు. 2011 నవంబరులో బెతెస్డా సంస్థ విడుదల చేసిన ‘స్కైరిమ్’ అనే ఆటకు ఇటువంటి మాడ్‌లు వేలాదిగా ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం ఉచితంగా లభిస్తాయి. నెలల తరబడి చేసిన శ్రమను ముక్కూ మొహం తెలియనివారికి ధారపోసే ఈ గుణం మెచ్చదగినదే.

అయితే ఇచ్చేవారి ఔదార్యాన్ని పుచ్చుకునేవారు అపార్థం చేసుకోవడమూ కద్దు. “ఉచితంగా ఇచ్చాడు, ఇక నా ఇష్టం” అనుకొని కొందరు ఆ మాడ్‌ను తెచ్చి, కొద్దిగా మార్చి, మరొక చోట తమ పేరుతో పెడుతున్నారు. మరికొందరు కర్త పేరు పేర్కొన్నాము గనుక బాధ్యత తీరిందని భావిస్తున్నారు.

ఫిఖహ్ చదివే విద్యార్థులకు మేము ఒక భేదం బోధిస్తాము. ఒక వస్తువును అనుభవించడానికి అనుమతించడం ‘ఇబాహత్’. దానికి యజమానిని చేయడం ‘తమ్లీక్’. విందుకు వచ్చిన అతిథి దస్తర్‌ఖాన్‌పై వడ్డించినది కడుపారా తినవచ్చు. కాని ఆ బిర్యానీని మూటగట్టి బజారులో అమ్ముకునే హక్కు అతనికి లేదు. “ఇది ఫలానావారి ఇంటి వంట” అని చాటి అమ్మినంత మాత్రాన ఆ హక్కు సంక్రమించదు. హదీసు విద్యలో కూడా అంతే. ఎవరి వద్ద నేర్చుకున్నామో చెప్పే సనదు ఒకటి, ఇతరులకు అందించడానికి గురువు ఇచ్చే ఇజాజత్ మరొకటి.

ఈ భేదం ఎంత అవసరమో 2015లో స్పష్టమైంది. ఆ సంవత్సరం ఏప్రిల్ 23న వాల్వ్ సంస్థ, బెతెస్డాతో కలిసి, స్కైరిమ్ మాడ్‌లను స్టీమ్‌లో వెల కట్టి అమ్ముకునే ఏర్పాటు చేసింది. అమ్మకపు సొమ్ములో మాడ్ కర్తకు దక్కేది 25 శాతం. అలా అమ్మకానికి వచ్చిన వాటిలో చేపలు పట్టే మాడ్ ఒకటి ఉంది. అందులోని కదలికలు మరొక కర్త ఉచితంగా ఇచ్చిన పనిపై ఆధారపడినవి. ఆయన సమ్మతి లేదని వివాదం రేగగా, మాడ్ కర్త దానిని అమ్మకం నుండి ఉపసంహరించుకున్నాడు. ఆటగాళ్ల నిరసన ఉధృతం కావడంతో ఏప్రిల్ 27న ఆ ఏర్పాటే రద్దయింది. ఆడుకోవడానికి ఇచ్చినది వర్తకానికి ఇచ్చినట్లు కాదని ఈ ఉదంతం తెలుపుతోంది.

“ఆట మరొకరిది కాగా మాడ్ కర్తకు హక్కెక్కడిది?” అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆట యజమాని విధించిన షరతులకు లోబడియే అతడు పనిచేయాలి, నిజమే. అయితే ఒకరి పొలాన్ని వారి అనుమతితో సాగుచేసినవాని చెమటకు విలువ లేకుండా పోదు కదా! గ్రంథహక్కుల విషయంలో విద్వాంసుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ, 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, రచయితల, ఆవిష్కర్తల హక్కులు షరీఅత్ దృష్ట్యా రక్షణీయమైనవని, వాటిపై దౌర్జన్యం తగదని తీర్మానించింది.

అనుమతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మాడ్‌లు లభించే ప్రసిద్ధ వేదిక ‘నెక్సస్ మాడ్స్’లో ప్రతి మాడ్ వద్ద అనుమతుల భాగం ప్రత్యేకంగా ఉంటుంది. ఇతర చోట్ల పెట్టవచ్చా, మార్చవచ్చా, ఇందులోని బొమ్మలను మరొక దానిలో వాడవచ్చా, డబ్బు తీసుకోవచ్చా అనే విషయాలను కర్త అక్కడ వేర్వేరుగా తెలుపుతాడు. ఒకదానికి ‘సరే’ అన్నవాడు మరొకదానికి ‘కూడదు’ అనవచ్చు.

కర్త జాడ తెలియనప్పుడే అసలు చిక్కు. ఆట కొత్త రూపానికి మారితే పాత మాడ్ పనిచేయకపోవచ్చు. బాగుచేద్దామంటే అడగడానికి మనిషి ఉండడు. దూరదృష్టి గల కర్తలు, ఫలానా గడువులోగా తాము బదులివ్వకపోతే ఇతరులు సరిదిద్ది కొనసాగించవచ్చని ముందే వ్రాసి ఉంచుతారు. అది ఒక రకమైన వసీయత్. అటువంటి మాట లేనిచోట, మౌనాన్ని అంగీకారంగా లెక్కించి పంచిపెట్టరాదు.

తల్లిదండ్రులకు మేము మనవి చేసేది ఒక్కటే. మీ అబ్బాయి గాని అమ్మాయి గాని మాడ్‌ను తెలుగులోకి అనువదించాలనో, మెరుగుపరచాలనో ఉత్సాహపడితే ఆ ఉత్సాహాన్ని అణచివేయకండి. అనుమతుల భాగాన్ని పక్కన కూర్చుని చదివించండి. స్పష్టత లేకపోతే కర్తకు మర్యాదగా రెండు వాక్యాలు వ్రాయించండి. జవాబు వచ్చేవరకు ఆ పనిని లోకానికి పంచకుండా ఆగమనండి. ఆ కర్త ఏ దేశంవాడో, ఏ మతంవాడో మనకు తెలియకపోవచ్చు. దైవదాసుల హక్కు విషయంలో ఆ వివరాలతో నిమిత్తం లేదు.