మౌనం అర్ధాంగీకారం కాదు

‘తప్పు చేయనివాడికి భయమెందుకు? అడిగినవన్నీ చెప్పేస్తే పోయేదేముంది?’ పోలీసులు ఎవరినైనా విచారణకు పిలిచారని తెలియగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఇదే. ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లో ఈ మాటకు బలం ఇంకా ఎక్కువ. సాగర్ రోడ్డు మీద ఆటో నడిపేవాడైనా, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడైనా, పొద్దున్నే బస్సెక్కి ఎల్బీనగర్ వైపు కూలికి వెళ్లేవాడైనా ఠాణా గడప తొక్కితే పరువు పోతుందనుకుంటాడు. తొందరగా చెప్పేసి, తొందరగా బయటపడాలనుకుంటాడు. చెప్పకపోతే ఏదో దాస్తున్నాడని నలుగురూ అనుకుంటారని భయపడతాడు. మౌనం అర్ధాంగీకారమన్న సామెత ఎలాగూ ఉండనే ఉంది.

నికాహ్ వేళ వధువు మౌనాన్ని సమ్మతిగా తీసుకోవడం మనకు తెలుసు. కానీ ఠాణాలో మౌనాన్ని నేరాంగీకారంగా తీసుకునే చట్టం ఈ దేశంలో లేదు. నిర్దోషి అబద్ధం చెప్పకూడదు, పారిపోకూడదు, పిలిస్తే వెళ్లాలి. అయితే ఆరోపణకు సంబంధించిన ప్రశ్నలకు న్యాయవాది పక్కన లేకుండా ఒంటరిగా జవాబులు చెప్పకూడదు. ఆ న్యాయవాదిని సమయానికి అక్కడికి చేర్చే బాధ్యత నిందితుడిది మాత్రమే కాదు, మనందరిదీ.

చట్టం ఏమంటోంది?

నేరారోపణకు గురైన ఏ వ్యక్తినీ తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును 22(1) అధికరణం ఇస్తోంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 180వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు అధికారి అడిగే ప్రశ్నలకు నిజమే చెప్పాలి. కానీ తనను నేరారోపణలోకి లాగే ధోరణి ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పనవసరం లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 161వ సెక్షన్.

ఈ హక్కు విలువను స్పష్టం చేసిన తీర్పు ఒక దొంగ కేసులోనో, హంతకుడి కేసులోనో రాలేదు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని 1977లో అవినీతి ఆరోపణలపై విచారణకు పిలిచి, రాతపూర్వకంగా ప్రశ్నావళి ఇచ్చారు. ఆమె జవాబు చెప్పడానికి నిరాకరించారు. దాంతో ఆమెపై మరో కేసు పెట్టారు. 1978లో సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు మూడు విషయాలను తేల్చింది. మౌనంగా ఉండే హక్కు కోర్టు బోనులో మాత్రమే కాదు, పోలీసు విచారణ దశలోనే మొదలవుతుంది. విచారణ సమయంలో న్యాయవాది సహాయం కోరవచ్చు. నేరుగా నేరం ఒప్పుకునే జవాబే కాదు, నేరారోపణ అనే గొలుసులో ఒక కడియగా మారగల జవాబు కూడా ఈ రక్షణ కిందికే వస్తుంది.

ఈ మూడో అంశమే నిర్దోషికి అత్యంత ముఖ్యం. ‘ఆ సాయంత్రం నేను ఆ వీధిలోనే ఉన్నాను’ అన్నది నిజం కావచ్చు, అందులో తప్పేమీ లేకపోవచ్చు. కానీ అదే మాట గొలుసులో ఒక కడియ అవుతుంది. అందువల్ల మౌనహక్కు దోషులకు దొరికిన చాటు కాదు.

ఈ హక్కుకు హద్దులూ ఉన్నాయి. పేరు, చిరునామా చెప్పాలి. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఈ రక్షణ కిందికి రావని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. సమ్మతి లేకుండా నార్కో పరీక్షలు చేయరాదని 2010లో సెల్వీ కేసులో చెప్పింది. ప్రశ్నలకు ఆశించిన జవాబు రాలేదన్న ఒక్క కారణంతో అరెస్టు చేయడం చెల్లదని 2023లో పంకజ్ బన్సల్ కేసులో తేల్చింది. సహకరించడమంటే నేరం ఒప్పుకోవడం కాదు.

మాట ఎలా ఎదురు తిరుగుతుంది?

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఠాణాలో ఈ సామెతకు అర్థం మరింత లోతైనది. రెండు నెలల క్రితం ఫలానా రాత్రి ఎక్కడున్నావని అడిగితే ఎంతమందికి కచ్చితంగా గుర్తుంటుంది? భయంతో ఏదో ఒకటి చెబుతాం. తర్వాత ఫోన్ రికార్డు వేరేలా చూపిస్తే, ఆ మతిమరుపే అబద్ధంగా నమోదవుతుంది. నీ స్నేహితులెవరని అడిగితే పది పేర్లు చెబుతాం. మరునాటికి ఆ పది ఇళ్ల తలుపులు తడతారు.

మనవాళ్లకు మరో చిక్కు ఉంది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. స్టేషన్‌లో రాసుకునేది తెలుగు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వింటున్నానని తెలపడానికి కూడా ‘హౌ సాబ్, హౌ సాబ్’ అనడం మనకు అలవాటు. ఆ ‘హౌ’ కాగితం మీదికి ఎక్కేసరికి ‘అవును’ అయిపోతే దిద్దేవారెవరు? తెలుగు చదవడం రాని యువకుడికి తన పేరు మీద ఏం రాశారో కూడా తెలియదు.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు కదా, ఇక నష్టమేమిటని కొందరు అడుగుతారు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ ఆ మాట చెప్పడం నిజమే. కానీ ఒప్పుకోలు ఆధారంగా వస్తువు ఏదైనా దొరికిందని చూపిస్తే, ఆ మేరకు అది సాక్ష్యంలోకి వస్తుంది. అంతకుముందే రిమాండ్ రిపోర్టులోకి, ప్రెస్ మీట్‌లోకి, టీవీ తెరమీదికి ఎక్కుతుంది. కోర్టు కొట్టివేసే నాటికి ఏళ్లు గడిచిపోతాయి. ప్రత్యేక చట్టాల కింద ఆ రక్షణ కూడా లేని రోజులున్నాయి. 2002 నాటి అక్షరధామ్ దాడి కేసులో పోటా చట్టం కింద పోలీసు అధికారి ముందు నమోదైన ఒప్పుకోళ్ల మీదే ప్రధానంగా ఆధారపడి శిక్షలు వేశారు, ముగ్గురికి ఉరి కూడా విధించారు. ఆ ఒప్పుకోళ్లను నమ్మలేమంటూ సుప్రీంకోర్టు 2014 మే 16న ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి పుష్కర కాలం కావచ్చింది.

మక్కా మసీదు పాఠం

మనకు ఇంకా దగ్గరి గాయం ఉంది. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ, హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. తరువాతి నెలల్లో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిని చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ విచారణ జరిపి, ఆ ఆరోపణల్లో నిజముందని నివేదిక ఇచ్చారు. వారిపై పెట్టిన కుట్ర కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, 50 మందికి 20 వేల రూపాయల చొప్పున పరిహారం ఇచ్చింది. ఆగిపోయిన చదువుకు, తెగిపోయిన పెళ్లి సంబంధానికి, మంచం పట్టిన తండ్రికి లెక్క కట్టేదెవరు?

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది, దాన్నీ మనం నిజాయితీగా చూడాలి. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద ఢిల్లీలో మేజిస్ట్రేట్ ముందు నేరాంగీకార వాంగ్మూలం ఇచ్చారు. మనలో చాలామంది దాన్నే తుదితీర్పుగా భావించారు. తరువాత ఆయన అది ఒత్తిడితో చెప్పించిన మాటంటూ వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్‌లోని ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు ఆయనతో సహా ఐదుగురిని నిర్దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పు మనకు బాధ కలిగించింది. కానీ ఒక ప్రశ్న వేసుకుందాం. మన పిల్లల ఒప్పుకోలు విషయంలో మనం కోరే సూత్రాన్ని, ఎదుటివారి ఒప్పుకోలు విషయంలో వద్దనగలమా? సూత్రం అందరికీ ఒకటైతేనే అది సూత్రం. అసలు పాఠం వేరే ఉంది. నోటిమాట మీద ఆధారపడిన దర్యాప్తు మొదట నిర్దోషులను బలితీసుకుంది, చివరకు మృతుల కుటుంబాలకు దోషి ఎవరో తేల్చలేకపోయింది. నమాజుకు వెళ్లి తిరిగిరానివారికి జరగవలసిన న్యాయం ఇంకా జరగలేదు. ఆధారాలు వెతికే పోలీసు అధికారికి నిందితుడి మౌనం వల్ల పోయేదేమీ లేదు. ఒప్పుకోలు మాత్రమే వెతికే దర్యాప్తుకే మౌనం అడ్డు.

సాక్ష్యం దాచడం పాపం కాదా?

ధర్మనిష్ఠ గల పెద్దలు అడిగే ప్రశ్న ఇది. సాక్ష్యం దాచడాన్ని ఇస్లాం ఖండించింది, అందులో సందేహం లేదు. కళ్లముందు హత్యో, దోపిడీయో చూసినవాడు చెప్పి తీరాలి, అవసరమైతే న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పాలి. కానీ ఒకరి హక్కును కాపాడే సాక్ష్యం వేరు, భయంతో తన మీద తాను మోపుకునే నింద వేరు. మాయిజ్ (రజి) స్వయంగా వచ్చి నేరం ఒప్పుకున్నప్పుడు దైవప్రవక్త (స) వెంటనే ఆ మాట పట్టుకోలేదు, ముఖం తిప్పుకున్నారు, మళ్లీ మళ్లీ అవకాశమిచ్చారు. ఆకలితో, బెదిరింపుతో, నిర్బంధంతో రాబట్టిన ఒప్పుకోలును నమ్మరాదన్నది హజ్రత్ ఉమర్ (రజి) అభిప్రాయమని ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో నమోదు చేశారు. భారత రాజ్యాంగం చెబుతున్నది మన సంప్రదాయానికి కొత్త మాట కాదు.

ఒంటరివాడి మౌనం నిలవదు

ఇంతవరకూ చెప్పింది హక్కు గురించి. ఇక వాస్తవం. మాజీ ముఖ్యమంత్రి మౌనంగా ఉంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగారు. దినకూలీ మౌనంగా ఉంటే ఏమవుతుంది? 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో, సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడని, ఒక ముస్లిం కూలీని పట్టుకెళ్లారు. పోలీసులు కొట్టారని ఆయనే చెప్పుకున్నారు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశారు. హైకోర్టు తనంతట తానే కేసు స్వీకరించింది. అలాంటి గదిలో కూర్చున్నవాడికి 20(3) అధికరణం గుర్తుచేసి లాభం లేదు. తలుపు బయట ఎవరో ఒకరు నిలబడి ఉండాలి.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1989లో న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్క్‌లో జరిగిన అత్యాచారం కేసులో ఐదుగురు నల్లజాతి, లాటినో కుర్రాళ్లను పట్టుకున్నారు. అడిగినట్టు చెబితే ఇంటికి పంపిస్తారనుకుని నలుగురు వీడియోలో ఒప్పుకున్నారు. ఐదో కుర్రాడు యూసుఫ్ సలామ్ ముస్లిం. అతని తల్లి స్టేషన్‌కు వచ్చి అడ్డుపడటంతో అతను వీడియోలో మాట్లాడలేదు, సంతకమూ పెట్టలేదు. అయినా శిక్ష పడింది. 2002లో అసలు దోషి బయటపడ్డాక, డీఎన్ఏ సరిపోలాక, ఐదుగురి శిక్షలూ రద్దయ్యాయి. మౌనం అన్నిసార్లూ కాపాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ చెప్పని మాటను తర్వాత వెనక్కి తీసుకోవలసిన పని ఉండదు.

అందువల్ల ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

పిలుపు వస్తే రాతపూర్వక నోటీసు అడగండి. నోటీసు అందితే తప్పించుకోకండి, దాని ప్రతి ఇంట్లో ఉంచి వెళ్లండి. సాక్షిగా పిలిచేటప్పుడు మహిళలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని వారి ఇంటివద్దే విచారించాలని 179వ సెక్షన్ చెబుతోంది.

పేరు, ఊరు, చేసే పని మర్యాదగా చెప్పండి. ఆ తర్వాత, ‘సార్, నేను సహకరిస్తాను, మా వకీలు వచ్చాక మాట్లాడతాను’ అనండి. గొంతు పెంచవద్దు. గుర్తులేనిది గుర్తులేదనండి. ఊహించి చెప్పవద్దు, అబద్ధం అసలే వద్దు. ఆ సమయంలో వేరేచోట ఉన్నట్టు హాజరు పట్టికో, టికెట్టో, కెమెరా దృశ్యమో ఉంటే న్యాయవాది ద్వారా రాతపూర్వకంగా వెంటనే ఇవ్వండి. ఇలాంటి ఆధారాన్ని దాచుకోవడం తెలివి కాదు.

దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై సంతకం తీసుకోరాదని 181వ సెక్షన్ చెబుతోంది. ఖాళీ కాగితంపై సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగండి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

అరెస్టు చేస్తే బంధువుకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. దెబ్బలు తగిలి ఉంటే మేజిస్ట్రేట్‌కు చెప్పే ఆ నిమిషాన్ని వదులుకోవద్దు. అక్కడ మాత్రం మౌనం వద్దు. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆ దృశ్యాలను భద్రపరచమని వెంటనే కోరండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది.

ఇక మన మసీదు కమిటీల మాట. పెళ్లి ఖర్చుకు, మయ్యత్ ఏర్పాట్లకు చందాలు వేసుకునే మనం, ముగ్గురు న్యాయవాదుల ఫోన్ నంబర్లను మసీదు నోటీసు బోర్డు మీద ఎందుకు పెట్టలేం? ఏడాదిలో ఒక్క జుమా రోజునైనా నమాజు తర్వాత ఈ హక్కులను ఉర్దూలోనూ తెలుగులోనూ ఎందుకు చెప్పించలేం? ఇబ్రహీంపట్నంలో కోర్టు ఉంది, న్యాయవాదులున్నారు. రాత్రిపూట ఒక కుటుంబం నుంచి ఫోన్ వస్తే ఠాణాకు ఇద్దరు పెద్దలు, ఒక వకీలు వెళ్లే ఏర్పాటు ఏ చట్టానికీ విరుద్ధం కాదు. మంచి అధికారి దాన్ని స్వాగతిస్తాడు.

అన్నిటికంటే ముందు మారవలసింది మన నాలుక. పోలీసులు పిలిచిన మరునాడే ఆ ఇంటి సలామ్‌కు జవాబు ఇవ్వడానికి సందేహించేవారు, పిల్లల సంబంధం వద్దనేవారు మనలోనే ఉన్నారు. పరువు పోతుందన్న భయంతోనే ఆ యువకుడు ఒంటరిగా వెళ్తాడు, అడిగినదానికల్లా ‘హౌ’ అంటాడు. అతని మౌనాన్ని అర్ధాంగీకారంగా చట్టం చూడనప్పుడు, అతని పొరుగువాళ్లమైన మనం ఎందుకు చూడాలి?