తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకులకు,

మిద్దెలను జనానికి తెరవాలన్న మీ వ్యాసం ఉత్సాహంగా ఉంది. అయితే ఆదర్శంగా చూపిన రాటర్‌డామ్ నారింజరంగు వంతెన 2022లో నెల రోజులపాటే ఉంది. సుమారు 30 మీటర్ల ఎత్తున, 600 మీటర్ల పొడవున జనం డాబాల మీద నడిచారు. తర్వాత విప్పేశారు. అది ప్రదర్శన. అదే ఊళ్లో 2014లో తెరిచిన డాక్‌పార్క్‌ను చూడాలి. దుకాణాల వరుస మీద దాదాపు కిలోమీటరు పొడవున పచ్చిక. వీధిలోంచే మెట్లెక్కి పోవచ్చు, ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ డాబా ఎక్కాలంటే నాకే వాచ్‌మన్ దయ కావాలి! ఒకప్పుడు వడియాలు పెట్టుకున్నచోట ఇప్పుడు నీళ్ల ట్యాంకులు, డిష్‌లు. పిట్టగోడ మోకాలెత్తే. పచ్చిక పెంచితే పడే తడిమట్టి బరువు మోస్తుందనుకుని ఆ స్లాబు వేయలేదు. ఉన్నది ఒకటే మెట్లదారి; మన తలుపుల ముందునుంచి రోజూ కొత్తవాళ్లు వెళ్తామంటే ఏ సంఘం ఒప్పుకుంటుంది? (సంక్రాంతి గాలిపటాల సంగతి వేరు.)

ఇళ్ల మిద్దెలను వదిలేయండి. మార్కెట్లు, బస్‌స్టేషన్లు, పార్కింగ్ భవనాలు కొత్తగా కట్టేటప్పుడే బరువు లెక్కగట్టి, వీధిలోంచి విడిగా మెట్లు, ర్యాంపు పెట్టమని అడగండి.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్