బూటులో మోగిన టెలిఫోను

టెలివిజన్‌లో వారానికి అరగంట నవ్వించినవాడు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్న జనాన్ని వెండితెర మీద రెండు గంటలపాటు నవ్వించగలడా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దీనిమీద హాలీవుడ్‌లో కోట్ల డాలర్లు సంపాదించినవాళ్లున్నారు, చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకే కథ మీద ఈ రెండూ జరగడం మాత్రం విశేషమే. ఆ కథ పేరు "గెట్ స్మార్ట్". ఈ వారం కబుర్లన్నీ దాని గురించే.

తెలియనివారి కోసం ముందు పాత సంగతి చెబుతాను. 1965 నాటికి జేమ్స్‌బాండ్ గాలి లోకమంతా వీస్తోంది. ఆ గాలి మన మద్రాసు స్టూడియోల దాకా వచ్చి, 1966లో "గూఢచారి 116"గా కృష్ణ చేతికి పిస్తోలు అందించింది. అమెరికాలో డేనియల్ మెల్నిక్ అనే నిర్మాతకి మాత్రం ఇంకో ఆలోచన తట్టింది. జనం బాండ్‌ని ఎగబడి చూస్తున్నారు. "పింక్ పాంథర్"లో క్లూసో అనే తెలివితక్కువ ఇన్‌స్పెక్టర్నీ అంతే ఎగబడి చూస్తున్నారు. ఇద్దర్నీ కలిపి ఒకే మనిషిని చేస్తే? ఆ పని మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ అనే ఇద్దరు హాస్యరచయితలకి అప్పగించారు. రాసింది చూసి ఎ.బి.సి. సంస్థ "ఇది అమెరికా పరువు తీసేలా ఉంది" అని పక్కన పెట్టేసింది. ఎన్.బి.సి. వాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు. 1965 సెప్టెంబరు 18న మొదలైన సీరియల్, చివరి ఏడాది సి.బి.ఎస్.కి మారి, 1970 దాకా 138 ఎపిసోడ్లు నడిచింది. ఉత్తమ హాస్య ధారావాహికగా రెండు ఎమ్మీ అవార్డులు కొట్టింది. కథానాయకుడు డాన్ ఆడమ్స్‌కి వరుసగా మూడేళ్లు మూడు!

ఆ కథానాయకుడి పేరు మాక్స్‌వెల్ స్మార్ట్. "కంట్రోల్" అనే ప్రభుత్వ గూఢచారి శాఖలో 86వ నంబరు ఏజెంటు. అమెరికా బార్లలో "86" అంటే "వీడికి ఇంక పొయ్యొద్దు, బయటికి సాగనంపండి" అని అర్థం. పేరులో తెలివి, నంబరులో వెటకారం! ఎదుటి ముఠా పేరు "కేయాస్", అంటే అరాచకం. మనవాడి టెలిఫోను ఎక్కడో కాదు, కాలి బూటులో ఉంటుంది. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే సంగీత కచేరీ మధ్యలో ఆ బూటు గణగణా మోగుతుంది. జనమంతా తిరిగి చూస్తారు.

శత్రువుకి దొరికిపోయినప్పుడు అతగాడు చేసే బేరం చూడాలి. ఎలా ఉంటుందంటారా? "ఈ మేడ చుట్టూ రెండు వందల మంది సైనికులున్నారు" అంటాడు. ఎదుటివాడు నమ్మడు. "పోనీ, పాతికమంది పోలీసులు?" అదీ నమ్మడు. "సరే, ఒక హోంగార్డూ, వాడి కుక్కా?" సంతలో వంకాయల బేరం తలకిందులైనట్టు, ధర తనే తగ్గించుకుంటూ పోతాడు. ముఖంలో సిగ్గు ఉండదు, బెదురు ఉండదు. అసలు హాస్యం అక్కడే ఉంది. తను మూర్ఖుణ్ణని అతనికి తెలియదు. ఎప్పటికీ తెలియదు.

ఆ పాత్ర వేసిన ఆడమ్స్ సంగతి కూడా వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంలో చేరి గ్వాడల్‌కెనాల్‌కి వెళ్లినవాడు. అక్కడ ప్రాణం మీదికి తెచ్చిన జ్వరం బారినపడి బయటపడ్డవాడు. తర్వాత కొత్త సిపాయిలకి డ్రిల్లు నేర్పాడు. ఆ కరకు గొంతు, ఆ తుంచి తుంచి పలికే మాట స్మార్ట్‌కి ప్రాణం పోశాయి. తుపాకీ పట్టిన అనుభవం ఉన్నవాడు కనుకనే కాబోలు, తుపాకీ తిరగేసి పట్టుకున్నా ఎంతో గంభీరంగా పట్టుకునేవాడు. అయితే పాత్ర మనిషిని మింగేసింది. ఆ తర్వాత ఆయన ఏ వేషం కట్టినా జనానికి స్మార్టే కనిపించాడు. 1983లో మొదలైన "ఇన్‌స్పెక్టర్ గాడ్జెట్" అనే బొమ్మల సీరియల్‌కి గొంతు అరువిస్తే, అదీ స్మార్ట్ గొంతే. 2005లో ఆయన కన్నుమూశాడు.

ఇక 99వ నంబరు ఏజెంటు. బార్బరా ఫెల్డన్ వేసింది. ఈ అమ్మాయి అసలు పేరేమిటో సీరియల్ అయిపోయేదాకా చెప్పలేదు. తెలివంతా ఆమెదే, పేరంతా అతనిది. ఉపాయం తను చెప్పి, అది అతనికే తట్టినట్టు పొంగిపోయేది. ఇంకో చిత్రం: ఫెల్డన్ ఆడమ్స్ కంటే పొడగరి. ఆ తేడా కనబడకుండా పక్కన నిలబడ్డప్పుడు కాస్త నడుం వంచి, భుజాలు జార్చి నిలబడేది. నా మటుకు నాకు ఆ సీరియల్ మొత్తం ఆ ఒక్క నిలబడడంలోనే ఉందనిపిస్తుంది. మగవాడు ఎత్తుగా కనబడాలని ఆడది వంగింది. అరవైల నాటి లోకం అది. నవ్విస్తూనే ఆ లోకం గుట్టు బయటపెట్టింది.

సరే, సినిమా సంగతికి వద్దాం.

మొదటి ప్రయత్నం 1980లో జరిగింది. సినిమా పేరు "ది న్యూడ్ బాంబ్". దర్శకుడు క్లైవ్ డోనర్. జనం ఒంటిమీద బట్టలు మాయం చేసే బాంబు ఇందులో కథావస్తువు. స్మార్ట్ ఆడమ్సే. కానీ 99 లేదు. "కంట్రోల్" శాఖ పేరు కూడా మార్చేశారు. పాత అధికారి వేషధారి ఎడ్వర్డ్ ప్లాట్ 1974లోనే పోయాడు, ఆయన స్థానంలో ఇంకొకాయన వచ్చాడు. పుట్టించిన బ్రూక్స్, హెన్రీలు లేరు. ఒక వెంటాడే దృశ్యాన్ని యూనివర్సల్ వారి సొంత స్టూడియోలో, పర్యాటకులకి చూపించే సెట్ల మధ్యనే లాగించారు. చుట్టాలొస్తే పెరడు చూపించినట్టు! బొమ్మ బోల్తా కొట్టింది. చూసినవాళ్లు తప్పు బాంబుది అన్నారు. నేనైతే తప్పు కుర్చీది అంటాను. 99 కూర్చోవలసిన కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన సర్దేవాళ్లు లేకపోతే మూర్ఖుడు మూర్ఖుడే, నవ్వు రాదు, చిరాకొస్తుంది.

ఆ తర్వాత 1989లో టెలివిజన్ కోసమే "గెట్ స్మార్ట్, అగైన్!" తీశారు. ఈసారి ఫెల్డన్ తిరిగొచ్చింది. ప్రసారం చేసింది ఎవరనుకున్నారు? పరువు పోతుందని 1965లో వద్దన్న ఎ.బి.సి.! కాలం ఎవరి చేత ఏం చేయిస్తుందో చూడండి.

అసలు పరీక్ష 2008లో వచ్చింది. వార్నర్ బ్రదర్స్, పీటర్ సెగల్ దర్శకత్వం, స్మార్ట్‌గా స్టీవ్ కరెల్, 99గా ఆన్ హాథవే, అధికారిగా ఆలన్ ఆర్కిన్. సుమారు 8 కోట్ల డాలర్లు ఖర్చు పెడితే ప్రపంచమంతటా 23 కోట్ల దాకా రాబట్టింది. నేను ముందు ఈ సినిమా చూసి, కొన్నేళ్ల తర్వాత డి.వి.డి.లు సంపాదించి సీరియల్ చూసినవాణ్ణి. నా వయసువాళ్లలో చాలామంది వరస ఇదే. అందుకని పాత జ్ఞాపకాల బరువు లేకుండానే రెంటినీ తూచగలనని నా ధీమా.

ఈ చిత్రం రాసినవాళ్లకి ఎదురైన మొదటి చిక్కు బూటు టెలిఫోను. 1965లో ఫోను మనిషితోబాటు నడవడమే ఒక నవ్వు. కచేరీలో బూటు మోగితే వింత. 2008లో? సినిమా చూస్తున్న ప్రతివాడి జేబులోనూ ఫోనుంది. ఆ మాటకొస్తే మధ్యలో ఒకటి మోగుతూనే ఉంటుంది, ఎవడూ నవ్వడు, పక్కవాడు కసురుకుంటాడు. నిన్నటి వేళాకోళం ఇవాళ్టి వాడుక వస్తువైతే ఏం చెయ్యాలి? వాళ్లు తెలివైన పని చేశారు. బూటుఫోనునీ, పాత సూటునీ, ఎర్రటి సన్‌బీమ్ టైగర్ కారునీ మ్యూజియంలో పెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధంతోబాటు "కంట్రోల్" శాఖ మూతబడిందని లోకం అనుకుంటూ ఉంటుంది. మ్యూజియం అడుగున శాఖ గుట్టుగా నడుస్తుంటుంది. కథ ముదిరి, స్మార్ట్ మీదే ద్రోహి ముద్ర పడి, చెర తప్పించుకున్నప్పుడు ఆ అద్దాల పెట్టెల్లోంచి అవన్నీ తీసుకుని బయల్దేరతాడు. పాతని ముందు గౌరవంగా దాచి, అవసరానికి తీసి వాడారు. మెచ్చుకోవలసిందే.

రెండో చిక్కు అసలైనది. టెలివిజన్ మనిషి మారకూడదు. సినిమా మనిషి మారి తీరాలి. వారం వారం మనింటికి వచ్చే చుట్టం ఎప్పుడూ అవే మాటలు మాట్లాడితేనే మనకి ముద్దు. టిక్కెట్టు కొన్నవాడు మాత్రం మొదటి రీలు మనిషి ఆఖరి రీలుకి ఇంకో మనిషి కావాలంటాడు. సీరియల్‌లోనే దీనికి రుజువుంది. 1968లో స్మార్ట్‌కీ 99కీ పెళ్లి చేశారు, మరుసటేడు కవల పిల్లల్నిచ్చారు, 1970లో సీరియల్ ముగిసింది. పెళ్లే ముంచిందని నేననను. కానీ ఆ మనిషి సంసారిగా మారినకొద్దీ ఆ వెర్రి ధీమా నీరసించిందన్నది మాత్రం చూసినవాళ్లకి తెలుస్తుంది.

2008 వాళ్లు ఏం చేశారంటే, స్మార్ట్‌ని మూర్ఖుడిగా ఉంచలేదు. ఆఫీసులో కూర్చుని శత్రువుల సంభాషణలు విని, వందల పేజీల నివేదికలు రాసే శ్రద్ధాపరుడైన గుమాస్తాని చేశారు. ఏజెంటు పరీక్ష పాసయినా, "నువ్వు ఇక్కడే పనికొస్తావు" అని పైవాడు ప్రమోషన్ ఇవ్వడు. ఈ బాధ ఏ దేశపు ఉద్యోగికైనా అర్థమవుతుంది! శత్రువు కూడా మనిషే, వాడికీ ఇంట్లో గొడవలుంటాయి అన్నది ఇతని సిద్ధాంతం. చివరికి అదే అక్కరకొస్తుంది. కేయాస్ ముఠాలోని కొండంత మనిషితో వాడి భార్య గురించి నాలుగు మంచి మాటలాడి మనసు కరిగిస్తాడు. ఆ కొండంత మనిషి ఎవరో కాదు, మన హిమాచల్ ప్రదేశ్ నుంచి వెళ్లిన వస్తాదు దలీప్ సింగ్ రాణా, "గ్రేట్ ఖలీ". సినిమాలో పాత్ర పేరూ దలీపే.

ఇది మంచి కథే. కానీ ఇది ఆ కథ కాదు. కరెల్ స్మార్ట్‌కి తన తప్పులు తెలుసు. పొరపాటు చేస్తే ముఖం చిన్నబుచ్చుకుంటాడు, మనం అయ్యో అంటాం. ఆడమ్స్ స్మార్ట్ పొరపాటు చేస్తే ఎదుటివాడి ముఖం చిన్నబోయేది, మనం పకపకా నవ్వేవాళ్లం. అయ్యో అనిపించే నవ్వు ఆరోగ్యమైనదే. కానీ ప్రభుత్వాలు, రహస్యాలు, బాంబులు, వీటన్నిటి తాళంచెవి ఏమాత్రం అనుమానం లేని ఒక మూర్ఖుడి చేతిలో ఉందేమో అనే చురక పాత నవ్వులో ఉండేది. ఎ.బి.సి. వాళ్లు భయపడింది ఆ చురకకే. 2008 చిత్రానికి భయపడినవాళ్లు లేరు. వసూళ్లు పెరిగాయి, చురక తగ్గింది.

మరి 99? ఇక్కడ మాత్రం కొత్త చిత్రానికి నా ఓటు. హాథవే వంగి నిలబడదు. ఇతనికంటే అనుభవం తనకే ఎక్కువని మొహం మీదే చెబుతుంది. ఇతనితో జత కట్టడం తనకిష్టం లేదనీ చెబుతుంది. స్మార్ట్‌ని మార్చి కొంత పోగొట్టుకున్నా, 99ని నిటారుగా నిలబెట్టి కొంత రాబట్టుకున్నారు. 1980 బొమ్మ మనిషిని ఉంచి జోడీని పారేసింది. 2008 బొమ్మ మనిషిని మార్చి జోడీని ఉంచింది. ఒకటి మునిగి ఒకటి తేలడానికి నాకు కనబడే కారణం ఇదే.

తక్కిన గూఢచారి సీరియళ్ల గతి కూడా చూడండి. 1996లో "మిషన్: ఇంపాజిబుల్" తీసినవాళ్లు పాత సీరియల్ నాయకుణ్ణే ద్రోహిగా చూపించారు. పాత అభిమానులు మండిపడ్డారు, కొత్త జనం క్యూ కట్టారు. 1998లో "ది అవెంజర్స్" అనే బ్రిటిష్ సీరియల్‌ని బౌలర్ టోపీ, గొడుగు, తోలు దుస్తులతో సహా తెరకెక్కిస్తే జనం మొహం తిప్పుకున్నారు. టోపీ వచ్చింది, టోపీ కింద మనిషి రాలేదు.

ఏతావాతా నేను చెప్పొచ్చేదేమిటంటే, పాత సీరియల్‌ని సినిమా తీయబోయే నిర్మాత ముందు సామాను జాబితా రాసుకోకూడదు. బూటుఫోను, కారు, సూటు, ఇవన్నీ కళాదర్శకుడు రెండు రోజుల్లో తెచ్చిపెడతాడు. ఆనాటి జనం దేన్ని చూసి నవ్వారో, ఎవరి మీద నవ్వారో, ఆ నవ్వు ఎవరికి గుచ్చుకుందో అది రాసుకోవాలి. ఆ గుచ్చుకునేది ఈనాడు కూడా గుచ్చుకునేట్టు రాయగలిగితే బూటు మోగకపోయినా ఫరవాలేదు. లేకపోతే ఎంత గట్టిగా మోగినా జనం తమ జేబులు తడుముకుంటారే తప్ప తెరవైపు చూడరు.

మీరేమంటారు? రెండూ చూసినవాళ్లుంటే ఏ స్మార్ట్ మీవాడో ఉత్తరం ముక్క రాయండి. 99 విషయంలో మాత్రం నాతో వాదానికి రాకండి.