నడుస్తోంది కదా, ముట్టుకోకు!

పోయిన వారం మా మావయ్య ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేశాడంటే రెండే కారణాలుంటాయి, పెళ్ళి సంబంధం లేదా ప్రింటరు. ఈసారి రెండూ కాదు. "ఒరే అబ్బాయ్, మన సైటు సెల్లులో తెరిస్తే ఏదో చక్రం తిరుగుతోందిరా, లాటరీ తగిలిందంటోంది. నువ్వేమైనా పెట్టావా?" అన్నాడు.

నేనేం పెట్టలేదు. 2019 తర్వాత ఆ సైటులో నేను పెట్టిందీ లేదు, తీసిందీ లేదు, అటువైపు తొంగి చూసిందీ లేదు. గొడవంతా అక్కడే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్తాను. మాది తాటిపాక, రాజోలు పక్కన. మావయ్యకి కొబ్బరి పీచు మిల్లుంది. డొక్కలు కొని పీచు తీసి, మిగిలిన పొట్టుని ఇటుకల్లా నొక్కించి కడియం నర్సరీలకీ, బెంగళూరు వైపు వాళ్ళకీ పంపుతుంటాడు. నేను బీటెక్ అయ్యి జాయినింగు లెటరు కోసం ఇంట్లో ఖాళీగా ఎదురుచూస్తున్న రోజుల్లో వర్డ్‌ప్రెస్‌తో ఆయనకో సైటు చేసిచ్చాను. మూడువేలూ, చేపల పులుసూ ప్రతిఫలం. (పులస అనుకునేరు, శీలావతి.) నాలుగు ఫొటోలు, ఒక ఎంక్వయిరీ ఫారం, మిల్లు పేరు మీద ఒక మెయిలు ఐడీ. ఊళ్ళో నాకు ఇంజనీరన్న పేరొచ్చింది ఆ సైటుతోనే, డిగ్రీతో కాదు.

అయితే ఆ సైటు చేసేటప్పుడు నేను వెలగబెట్టిన పనులు కూడా చెప్పాలి. హెడరులో రంగు నచ్చక థీము ఫైళ్ళని నేరుగా దిద్దేశాను. చైల్డ్ థీము అనేదొకటుంటుందనీ, దిద్దుబాట్లు అందులో రాసుకుంటే అసలు థీము అప్డేటైనా చెక్కుచెదరవనీ నాకు తెలుసు. బద్ధకం. అలా దిద్దాక అప్డేటు వస్తే నా రంగులు పోతాయి కాబట్టి, కాన్ఫిగ్ ఫైలులో ఒక లైను రాసి ఆటోమేటిక్ అప్డేట్లు మొత్తం ఆపేశాను. 2013 అక్టోబరులో 3.7 వెర్షనుతో వర్డ్‌ప్రెస్ వాళ్ళు ఎంతో ఆలోచించి పెట్టిన సదుపాయం అది. చిన్నచిన్న భద్రతా అప్డేట్లు ఎవరూ అడక్కుండానే వాటంతటవే పడిపోతాయి. నేను దాన్ని ఒక్క లైనుతో చంపేశాను, హెడరు ఆకుపచ్చగా ఉండాలని. ఇంకా ఘోరం, హోస్టింగులో పీహెచ్‌పీ 5.6 ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ థీము దాని మీదే సరిగ్గా నడిచింది. 5.6కి భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తోనే ఆగిపోయాయి. అంటే పుట్టేటప్పటికే నా సైటు చచ్చిన పునాది మీద ఉంది.

సరే, లాటరీ చక్రం పోతే పోయింది, శుభ్రం చేస్తే పోతుందనుకున్నాను. రెండోరోజు తెలిసింది అసలు దెబ్బ. బెంగళూరు వైపు నర్సరీ ఆయన "అడ్వాన్సు వేశానండీ, లారీ ఎప్పుడు బయల్దేరుతుంది?" అని అడిగాడు. మావయ్య ఖాతాలో పైసా పడలేదు. చూస్తే మిల్లు మెయిలు నుంచే ఆయనకి ఉత్తరం వెళ్ళింది, "బ్యాంకు మారాము, కొత్త ఖాతా నంబరు ఇదీ" అని. కింద మావయ్య పేరు, మిల్లు చిరునామా, పాత ఉత్తరాల్లో ఉన్న వరసే. లక్షా నలభైవేలు.

సైటూ మెయిలూ ఒకే హోస్టింగు ఖాతాలో ఉన్నాయి. ఫారంలో ఫొటో ఎక్కించడానికి నేను పెట్టిన ప్లగిన్లో కన్నం ఉంది. దాన్ని రాసినవాడు ఎప్పుడో పూడ్చేశాడు, కొత్త వెర్షను విడుదల చేశాడు, ఏ ప్రమాదం వల్ల పూడ్చాడో కూడా రాసిపెట్టాడు. మా సైటులో మాత్రం 2019 నాటి వెర్షనే కూర్చుని ఉంది. ఆ కన్నంలోంచి ఒక ఫైలు లోపలికి వచ్చింది, ఫైలు నుంచి ఖాతా, ఖాతా నుంచి మెయిలు. 1930కి ఫోన్ చేశాం, ఫిర్యాదు నమోదయింది. డబ్బు ఇంకా రాలేదు. నర్సరీ ఆయన, మావయ్య చెరి సగం భరిద్దామని ఒక మాట అనుకున్నారు. నా వాటా ఎంతని ఇద్దరూ అడగలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ సంగతి మన ఆఫీసు మిత్రులకి చెబితే వచ్చిన జవాబులు వింటే నాకు ఒళ్ళు మండింది. "మీ మావయ్య సైటుని పనిగట్టుకుని హ్యాక్ చేసేవాడెవడు గురూ?" అన్నాడొకడు. పనిగట్టుకోవడం దేనికి? బాటుకి మావయ్యా తెలీదు, పీచూ తెలీదు. ప్రపంచంలో ఉన్న ప్రతి తలుపూ తడుతూ పోతుంది, తెరుచుకున్నదాంట్లో దూరుతుంది. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్లో ఇలాంటి కన్నమే బయటపడ్డప్పుడు, ఏడు లక్షలకు పైగా సైట్లలో ఆ ప్లగిన్ ఉంది (నేను వాడింది అది కాదు లెండి). ఆ ఏడు లక్షల మందిలో ఎవరి మీదైనా ఎవరికైనా కక్ష ఉందంటారా?

ఇంకొకడు పెద్ద ఆర్కిటెక్టు. ఆయన మాట మన వృత్తిలో వేదవాక్యం: "నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు."

తాటిపాకవాడి ముందు ఈ మాట అనకూడదండీ. మా పక్కనే నగరం. 2014 జూన్ 27. నేనప్పుడు ఇంటర్. తెల్లారుజామున చప్పుడుకి లేచి డాబా ఎక్కితే కొబ్బరిచెట్ల మీద ఆకాశం ఎర్రగా ఉంది, ఇంకా పొద్దు పొడవలేదు. గెయిల్ వాళ్ళ 18 అంగుళాల గ్యాసు గొట్టం లీకై, నిప్పంటుకుని, నిద్రలో ఉన్న ఇళ్ళ మీద పడింది. ఇరవైమందికి పైగా పోయారు. ఆ తర్వాత చాలా నెలలు ఆ దారిన వెళ్తుంటే నల్లగా మాడి నిలబడిన కొబ్బరిచెట్లు కనపడేవి. పెట్రోలియం శాఖ వేసిన విచారణ కమిటీ చెప్పింది ఏమిటంటే, పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు, అందులోని నీరు చేరి గొట్టాన్ని లోపలి నుంచే తుప్పు తినేసింది. గమనించండి, జూన్ 26 రాత్రి వరకూ ఆ గొట్టం నడుస్తూనే ఉంది. కొండపల్లి దాకా గ్యాసు అందుతూనే ఉంది. అక్కడ కూర్చుని మీటరు చూసేవాడికి అంతా బ్రహ్మాండంగానే కనిపించి ఉంటుంది.

మనుషులు పోయిన ఘోరం పక్కన లాటరీ చక్రాన్ని పెడతావా అని మీరు తిడితే పడతాను. నష్టాలకి పోలికే లేదు. నేను చెప్పేది తుప్పు సంగతి. "నడుస్తోంది" అన్న మాట లోపలి తుప్పు గురించి మనకేమీ చెప్పదు. అవతలి చివర సరుకు అందుతోందని మాత్రమే చెబుతుంది.

సాఫ్టువేరుకి తుప్పేమిటి, 2019లో రాసిన లైను ఈరోజూ అదే లైను కదా అంటారేమో. లైను అదే, దాని గురించి లోకానికి తెలిసింది మారుతుంది. పాచ్ విడుదల చేయడమంటే కన్నం ఎక్కడుందో ఊరంతా దండోరా వేయడమే. పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ దిద్దారో ఎవడైనా చూడొచ్చు. వేసుకున్నవాడికి అది మందు. వేసుకోనివాడికి, పెరటి తలుపు గడియ ఊడిందని ఎవరో వీధిలో అరిచి చెప్పినట్టు.

దీనికి నాకు తెలిసినంతలో 2017 కంటే మంచి ఉదాహరణ లేదు. వర్డ్‌ప్రెస్ 4.7, 4.7.1 వెర్షన్లలో, పాస్‌వర్డు లేకుండానే ఎవరైనా పేజీలు మార్చగలిగే లోపం దొరికింది. జనవరి 26న 4.7.2 విడుదల చేశారు, కానీ ఆ లోపం సంగతి ఆరోజు కావాలనే చెప్పలేదు. ఆటోమేటిక్ అప్డేట్లు అందరికీ పడేదాకా ఆగి ఫిబ్రవరి 1న బయటపెట్టారు. అప్డేట్లు ఆన్ చేసి ఉంచినవాళ్ళకి ఏదో జరిగిందని కూడా తెలియదు, హాయిగా నిద్రపోయారు. నాలాంటి మేధావులు ఆపేసుకున్న సైట్ల మీద మాత్రం పడ్డారు. పదిహేను లక్షలకు పైగా పేజీలు పాడుచేశారు.

అదే ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోసుకి ఒక పాచ్ ఇచ్చింది. మే 12న వానాక్రై వచ్చింది. మధ్యలో సుమారు రెండు నెలలు! అయినా చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లకి కూడా తాళాలు పడ్డాయి. పోలీసు స్టేషన్లో దొంగలు పడటం అంటే ఇదే కాబోలు. నవ్వొచ్చినా, అక్కడ ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళ సంగతి గుర్తొస్తే నవ్వు రాదు.

2018 సెప్టెంబరులో మరొకటి. మన ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ సైటు, తిరుపతి కార్పొరేషను సైటు, మాచర్ల పురపాలక సంఘం సైటు తెరిచిన జనం కంప్యూటర్ల మీద, వాళ్ళకి తెలియకుండా ఎవడికోసమో డిజిటల్ నాణేలు తవ్వే స్క్రిప్టు నడుస్తోందని బయటపడింది. ఇంటిపన్ను ఎంతో చూసుకుందామని వెళితే మన కరెంటుతో వాడికి కూలి చేసిపెట్టడమన్నమాట. కనిపెట్టింది ఎవరు? ఆ సైట్లు కట్టినవాళ్ళు కాదు, నడిపేవాళ్ళు కాదు. ఎక్కడో గువాహటి కుర్రాళ్ళు! సొంత ఇంట్లో ఎవరు కాపురముంటున్నారో ఈశాన్యం నుంచి ఎవరో చెబితే గానీ మనకి తెలియలేదు.

ఎందుకు ఇలా ఉందంటే, మనకి కట్టడానికి డబ్బులుంటాయి, బాగుచేయడానికి ఉండవు. ప్రారంభోత్సవానికి రిబ్బనూ కత్తెరా ఉంటాయి, శిలాఫలకం మీద పేర్లుంటాయి. మరమ్మతుకి ఫలకం వేయించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఏటిగట్టు పక్కన పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? వరదరోజున ఇసుక బస్తాలు మోసినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. వేసవిలో గట్టు వెంట తిరిగి ఎలుకబొరియలు పూడ్చినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

అప్డేటు కూడా ప్రమాదమే కదా అనే పెద్దమనిషి ఒకడు తప్పకుండా వస్తాడు. నిజమే, ఒప్పుకుంటాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక్క చెడ్డ అప్డేటుకి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలిరంగు పులుముకుని పడిపోయాయి. అంతెందుకు, 2007 మార్చిలో వర్డ్‌ప్రెస్ వాళ్ళ సొంత సర్వరులోకే ఎవడో దూరి 2.1.1 దిగుమతి ఫైలుని మార్చేశాడు. అప్పుడు శ్రద్ధగా అప్డేటు చేసుకున్నవాడే మునిగాడు. కానీ అవి బయటపడగానే గోల గోలయింది, 2.1.2 వెంటనే వచ్చింది, క్రౌడ్‌స్ట్రయిక్ సవరణ గంటల్లో వచ్చింది. మా మిల్లు సైటులో దొంగ ఎన్ని నెలలు కాపురమున్నాడో లాగులు తిరగేసినా తేలలేదు, పాత లాగులు హోస్టింగువాడు ఉంచలేదు. చెడ్డ అప్డేటుకి బ్యాకప్పు విరుగుడు. ముందొక నకలు మీద వేసి చూడటం విరుగుడు. ఈ రెండూ చేయడం చేతకాక "అప్డేటే వద్దు" అనడం, ఇంజెక్షను నొప్పెడుతుందని కుక్కకాటుకి మందు మానేయడం లాంటిది.

అసలు నాకు కోపం ఎక్కడంటే, ఈ జవాబులిచ్చినవాళ్ళెవరూ తెలియనివాళ్ళు కాదు. పొద్దున లేస్తే ఆఫీసులో పాచ్ విండో, ఆడిట్, చేంజ్ టికెట్ అని రాత్రిళ్ళు కూర్చునేవాళ్ళే. జీతమిచ్చే క్లయింటు సర్వరుకి అర్ధరాత్రి రెండింటికి లేచి పాచ్ వేస్తాం, లేకపోతే మేనేజరు మెయిలు రాస్తాడు. ఊళ్ళో మావయ్య సైటుకీ, మనం చదివిన బడి సైటుకీ, గుడి విరాళాల పేజీకీ ఆ దిక్కు ఉండదు. ఎందుకంటే మావయ్యకి మెయిలు రాయడం తెలీదు. ఆయనకి అప్డేటు అంటే సెల్లులో బ్యాటరీ తినే వస్తువు. ఆయన మనల్ని నమ్మాడు, మనం మూడువేలు తీసుకుని, మంచి పేరు తీసుకుని, తాళం గుమ్మానికే వదిలేసి హైదరాబాదు బస్సెక్కేశాం. ఇది ఉచితంగా చేసిన సాయం కాబట్టి బాధ్యత లేదంటారా? ఉచితంగా కుట్లేసిన డాక్టరు కుట్లు విప్పడానికి మాత్రం రానంటే ఊరుకుంటామా?

నిర్వహించే ఓపిక లేకపోతే చేసివ్వడం మానేయండి. మా మావయ్యకి నిజానికి సైటే అక్కర్లేదు, ఫొటోలూ ఫోను నంబరూ ఉన్న ఒక స్టాటిక్ పేజీ చాలు. దాంట్లో ప్లగిన్లూ లేవు, డేటాబేసూ లేదు, దూరడానికి కన్నమూ దాదాపు లేదు. ఆ సంగతి నాకు 2019లోనూ తెలుసు. కానీ లోపల డాష్‌బోర్డు చూపిస్తే ఆయన కళ్ళు మెరిశాయి, నాకూ గొప్పగా అనిపించింది.

ఇప్పుడు అదే చేశాను. పాతది మొత్తం పీకేసి ఒక్క పేజీ పెట్టాను. మెయిలుని వేరే చోటికి మార్చి, పాస్‌వర్డుతో పాటు సెల్లుకి కోడు వచ్చేలా చేశాను. ఖాతా నంబరు మారిందని ఎప్పుడైనా ఉత్తరం వస్తే ముందు ఫోన్ చేసి గొంతు వినమని కొనేవాళ్ళందరికీ మావయ్య చేతే చెప్పించాను. "దీనికి నెలకెంత ఇవ్వమంటావురా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి కూర్చుని లెక్కేస్తే, ఆ రోజుల్లోనే ఇంకో ఐదు సైట్లు చేసిచ్చినట్టు తేలింది. అన్నీ అదే థీము, అదే ప్లగిన్, కాన్ఫిగ్ ఫైలులో అదే లైను. రెండు ఎప్పుడో మూతపడ్డాయి, బతికిపోయాయి. రెండింటికి అప్డేట్లు వేశాను, ఒకదాంట్లో అప్పటికే అపరిచిత ఫైళ్ళున్నాయి. ఐదోది మా ఊరి దగ్గరి ఒక స్కూలుది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు అందులో ఉన్నాయి. దాని పాస్‌వర్డు నా దగ్గర లేదు. హోస్టింగు డబ్బులు ఏటేటా ఎవరు కడుతున్నారో ఆ స్కూలు వాళ్ళకీ తెలియట్లేదు. శనివారం రాత్రి బస్సుకి టికెట్టు తీసుకున్నాను.