పటమునకు చిక్కని పారవశ్యము

ఒంటిమిట్ట కోదండరాముని పేరు చెప్పగనే వావిలికొలను సుబ్బారావుగారు జ్ఞప్తికి వత్తురు. వాసుదాసుగా ప్రసిద్ధులైన ఆ మహనీయులు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర యాచించి, ఆ ధనముతో ఆలయమును ఉద్ధరించిరి. చిప్ప పట్టిన వారి పటమును చూచినపుడెల్ల నాకొక సందేహము కలుగును. చిప్ప కనబడుచున్నది, భక్తిపారవశ్యమెక్కడ కనబడుచున్నది?

నేటి కళాకారులలో కొందరు ఈ ప్రశ్ననే వేయుచున్నారు. వారు స్వయముగా ఛాయాచిత్రములు తీయరు. ఎవరో తీసి విడిచిన పటములను ఏరి, ప్రక్కప్రక్కన పేర్చి, సమాధి, పూనకము, స్వప్నము వంటి మనోవస్థలను గూర్చి ఆలోచింపజేయుదురు. అమెరికాలో పుట్టి, మానవశాస్త్రము చదివి, లండనులో స్థిరపడిన సూజన్ హిల్లర్ (1940–2019) వారిలో ముఖ్యురాలు. గాలిలో తేలుచున్నట్లు కనబడు అజ్ఞాతవ్యక్తుల పటములను అంతర్జాలమునుండి సేకరించి, 2008లో ఆమె కూర్చిన కృతి ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లయిన్‌కు నివాళి. క్లయిన్ 1960లో గోడపైనుండి శూన్యములోనికి దుముకుచున్నట్లు పటము తీయించుకొనెను. క్రింద మిత్రులు దట్టపు గుడ్డ పట్టియుండిరి. రెండు పటములను కలిపి వారిని మాయము చేసిరి.

మనకిది వింత గాదు. వాసుదాసుగారు కన్నుమూసిన 1936లోనే, దక్షిణదేశపు యోగియొకడు గాలిలో పరుండిన పటములను ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ ప్రకటించెను. అతని చేయి గుడ్డ చుట్టిన కర్రపై ఆనియున్నది!

ఇట్టి కళ వట్టి మోసమనువారున్నారు. నేనట్లనను. ఆ పటములు నిజమో కల్లయో తేల్చుట హిల్లర్ పనిగా పెట్టుకొనలేదు. ఇన్ని దేశముల మానవులు నేలవిడిచి లేవవలెనని ఏల కోరుదురో ఆ కృతి మనచేత అడిగించును. అది మంచి ప్రశ్న.

అయినను ఒక హద్దు వలయును. జాతరలో పూనకము వచ్చిన స్త్రీ పటము ఎవరి చేతనో పడి ప్రదర్శనశాల గోడకెక్కెననుకొందము. ఒడలు తెలియని ఆ గడియలో ఆమె అనుమతి యిచ్చినదా? ఆమె పేరుగాని, పిదప నీళ్లిచ్చి కూర్చుండబెట్టినవారి చేతులుగాని ఆ పటమున నుండవు. పేరు తెలియనంతమాత్రమున ఆమె మన సొత్తగునా? ఆమె ఎవరికో తల్లి.

ఉపాధ్యాయులు ఒక పాఠము చెప్పవచ్చును. ఇంటిలోని పాత పటమొకటి చూచి, అందున్నవారెవరో, ఎవరెప్పుడు తీసిరో పెద్దలనడిగి వ్రాసి తెమ్మని విద్యార్థులతో చెప్పుడు. ఆ మనిషి మనసున ఏమున్నదో మాత్రము ఊహించి వ్రాయవలదనుడు. వాసుదాసుగారి పారవశ్యము ఏ పటమునకును చిక్కలేదు. వారు నిలిపిన కోవెలయు, వ్రాసిన మందరమును దానికి సాక్ష్యములు.